నల్లమల నీలి సాలీడు: పోటీ పరీక్షల ప్రత్యేకం

అరుదైన జీవి ఒకటి నంద్యాల, ఆళ్లగడ్డ అభ్యర్థుల ఇంటి పక్కనే ఉంది. దాని గురించి మాత్రం చాలామంది చదవరు.

అది గుత్తి టరాంటులా అనే సాలీడు. శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో జంతుశాస్త్రవేత్త పోకాక్ దీన్ని వర్ణించాడు. కలపతోపాటు అక్కడికి చేరి ఉంటుంది. ఆ తర్వాత వందేళ్లకు పైగా జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్లీ కనిపించింది. పేరు గుత్తిది, ఊరు నల్లమల! పరీక్షలో తికమక పెట్టేది ఇక్కడే.

పాత చెట్ల తొర్రల్లో గూడు అల్లుకుని, రాత్రిపూట పురుగులను వేటాడుతుంది. మెరిసే నీలం రంగు వర్ణకం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణం కాంతిని పరావర్తనం చేసే తీరు వల్ల వచ్చింది. ఆ అందమే దానికి ముప్పు తెచ్చింది. పెంపుడు జీవిగా విదేశాల్లో గిరాకీ ఎక్కువ. వంటచెరకు కోసం, కలప కోసం తొర్రచెట్లు నరికితే దానికి నిలువ నీడ ఉండదు.

2008 నాటికి తెలిసిన ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. ఆ ఏడాదే ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని 'తీవ్రంగా అంతరించిపోతున్న' జాతిగా గుర్తించింది. 2019లో పీసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో చేర్చారు. అంటే అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధం కాదు, నియంత్రణ.