మిషన్ వాత్సల్య: ఫారం కంటే ముందు కాగితాలు

తండ్రి లేని బిడ్డను తల్లి ఒక్కతే పెంచుకుంటుంటే, ఆ పెంపకానికి బిడ్డకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చే పథకం ఉంది. అదే మిషన్ వాత్సల్య. ఖర్చులో కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. బిడ్డ ఏ ఆశ్రమానికో వెళ్లకుండా అయినవాళ్ల మధ్యే పెరగాలన్నది దీని ఉద్దేశం. కాబట్టి అడగడానికి ఏ తల్లీ చిన్నతనపడక్కర్లేదు.

వితంతువుల పిల్లలకే కాదు, విడాకులైన తల్లుల పిల్లలకు, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ పోయి తాతయ్య దగ్గరో మేనమామ దగ్గరో ఉంటున్నవాళ్లకూ, కన్నవాళ్లు ప్రాణాంతక జబ్బుతో మంచాన పడ్డవాళ్లకూ అంతే. వయసు 18 ఏళ్ల లోపుండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు.

ఫారం నింపడం ఎంతో సేపు పట్టదు. నెలలు గడిచిపోయేది కాగితాల దగ్గరే. అందుకని తండ్రి మరణ ధ్రువపత్రంతో మొదలుపెట్టండి. దినాలు, అప్పులవాళ్లు, పిల్లల ఏడుపు... ఆ రోజుల్లో పంచాయతీ ఆఫీసు ఎవరికి గుర్తుంటుంది? కానీ చట్టం ఇచ్చిన గడువు 21 రోజులే. ఆ తర్వాత రుసుము, అనుమతులు మొదలవుతాయి. ఏడాది దాటితే విషయం పంచాయతీ చేతుల్లో ఉండదు, ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. ఇంకో సంగతి. మనిషి పోయింది పట్నంలో పెద్దాసుపత్రిలో అయితే, నమోదయ్యేది సొంతూళ్లో కాదు, ఆ ఆసుపత్రి ఉన్న చోట. ఇది తెలియక సొంతూరి పంచాయతీ చుట్టూ తిరిగి అలసిపోయే తల్లులుంటారు.

తర్వాత పేర్లు సరిచూసుకోవాలి. తండ్రి పేరు ఆధార్‌లో వెంకటేశ్వర్లు, రేషన్ కార్డులో వెంకటేశ్వరరావు, బడి రిజిస్టర్లో వెంకటేష్ అని ఉంటే ముగ్గురు మనుషుల కింద లెక్క. బిడ్డ ఆధార్, జనన ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, తల్లి ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఒకచోట పరిచి, ఒక్కో అక్షరం పోల్చండి. తేడా కనిపిస్తే ఇప్పుడే దిద్దించండి.

ఆదాయ ధ్రువపత్రం మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇస్తారు. పాతది జత చేయకండి. అందులో పోయిన మనిషి సంపాదన కూడా కలిసి ఉంటుంది, దాంతో పరిమితి దాటిపోవచ్చు. బ్యాంకు ఖాతా బిడ్డ పేరున, తల్లి నడిపేలా తెరవండి.

ఇక దరఖాస్తు ఇవ్వడం. అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చెబుతారు. జిల్లా కేంద్రంలో బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది, దరఖాస్తు చివరికి చేరేది అక్కడికే. జెరాక్సులు రెండు సెట్లు తీసి, ఒకదానిమీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి. దీనికి రుసుము లేదు. పని చేయిస్తానని డబ్బడిగేవాళ్లకు పైసా ఇవ్వొద్దు.

సిబ్బంది ఇంటికొచ్చి పరిస్థితి చూస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ నివేదిక మీద జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది. మంజూరయ్యాక బిడ్డ బడి మానకూడదు. హాస్టల్లో చేరితే సాయం ఆగిపోతుంది. గురుకులంలో సీటు వచ్చిన ఇంట్లో ఇది ముందే ఆలోచించుకోవాలి. నా మటుకు, మంచి గురుకులంలో సీటు దొరికితే దాన్ని వదులుకోవద్దంటాను.

మీ వీధిలో అలాంటి ఇల్లుంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయమనండి. మరణ ధ్రువపత్రం తీసుకున్నారో లేదో మాత్రం ఇవాళే అడగండి.