చిన్నక్కను పడుకోమనకండి

మా చిన్నక్క సంగతి చెబుతాను. "రాయవే, నలుగురికీ తెలియనీ" అని తనే అంది.

చిన్నక్కకి పెద్దపేగు క్యాన్సర్. ఏడాదిగా విరేచనంలో రక్తం కనిపిస్తూనే ఉందట. మొలలేమోనని సరిపెట్టుకుని మాతో అనలేదు. ఇలాంటివి అమ్మ దగ్గర కూడా పెదవి విప్పని పెంపకం మనది. చివరికి ఒకరోజు పొయ్యి దగ్గరే నీరసంతో కూలబడిపోతే బావ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కొలనోస్కోపీ చేశారు, గడ్డ ఉన్న పేగు ముక్కని తీసేశారు, తర్వాత కీమో అన్నారు.

కీమో రోజుల్లో ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీస్తే చాలు, వేళ్ళకు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరాలకు చేసే పని అది. మందు ఒంట్లో చేరుతున్నకొద్దీ వేళ్ళలో తిమ్మిరి కూడా పెరుగుతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి కూడా చెయ్యి సాయం కావాలంటే ఆడదానికి ఎంత చిన్నతనంగా ఉంటుందో మీకు చెప్పాలా?

అందుకే అక్క డాక్టరుగారిని అడిగేసింది, "ఆరు నెలలూ ఎక్కించుకోవాలా అండీ, తగ్గించకూడదా?" అని. ఆయన విసుక్కోలేదు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే 12 దేశాల్లో ఆరు పరిశోధనలు చేసి, 12,834 మంది వివరాలు ఒక్కచోట చేర్చి చూశారని చెప్పారు. దాని పేరు ఐడియా. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. జబ్బు మూడు లింఫు గ్రంథులకు మించకుండా, గడ్డ పేగు బయటి పొరను చీల్చుకుపోకుండా ఉన్నవాళ్ళకు, కేపాక్స్ అనే కీమో పద్ధతిలో మూడు నెలల వైద్యం ఆరు నెలలకు తీసిపోలేదు. తిమ్మిర్లు మాత్రం బాగా తగ్గాయి. అందరికీ ఇదే లెక్క వర్తించదు, జబ్బు ముదిరినవాళ్ళ సంగతి వేరు. అక్కకి మూడు నెలలతో సరిపోయింది. పరిశోధన అంటే కొత్త మందు కనిపెట్టడమే అనుకునేదాన్ని. ఉన్న మందు ఎంత తక్కువైతే చాలో తేల్చడం కూడా పరిశోధనేనని అప్పుడే నాకు తెలిసింది.

కీమో అయిపోయింది. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. అమ్మ "మెట్లెక్కకు", అత్తగారు "వంగకమ్మా", బావేమో మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ అక్క రోజంతా పైకప్పు చూస్తూ పడుకునేది. ఫోన్లో గొంతు వింటే నాకు భయమేసేది.

ఆ రోజుల్లోనే చాలెంజ్ అనే పరిశోధన గురించి చదివాను. 2025 జూన్‌లో చికాగోలో జరిగిన క్యాన్సర్ డాక్టర్ల మహాసభలో కెనడా డాక్టర్ క్రిస్టఫర్ బూత్ దాని ఫలితాలు చెప్పారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో ముగించుకున్న 889 మందిని తీసుకున్నారు. ఎక్కువమంది కెనడా, ఆస్ట్రేలియావాళ్ళు. అప్పటికే బాగా వ్యాయామం చేసేవాళ్ళను చేర్చుకోలేదు. మనలాగా ఇంటిపనే వ్యాయామం అనుకునేవాళ్ళు కావాలన్నమాట! చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆరోగ్యం గురించి పుస్తకాలిచ్చి పంపారు. రెండో జట్టుతో మూడేళ్ళపాటు వ్యాయామం చేయించారు. నడకో, సైకిలో, ఎవరికి నచ్చింది వాళ్ళది. వారానికి మూడు నాలుగు రోజులు, ముప్పావు గంట నుంచి గంట వరకు వడివడిగా నడవడం లాంటిదన్నమాట.

ఎనిమిదేళ్ళు గడిచాక చూస్తే, పుస్తకాలిచ్చిన జట్టులో నూటికి 83 మంది బతికున్నారు. వ్యాయామం చేసిన జట్టులో 90 మంది. ఆ ఏడుగురిలో ఎవరి అక్క ఉందో, ఎవరి అమ్మ ఉందో అని నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. అయిదేళ్ళదాకా జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు కూడా 74కి బదులు 80 మంది.

ఒక్కమాట జాగ్రత్తగా వినండి. ఇది ఆపరేషన్‌కి బదులు కాదు, కీమోకి బదులు కాదు. అవి అయ్యాక చేసినది. వ్యాయామం చేసిన జట్టులో కీళ్ళనొప్పులు, కండరాల నొప్పులు కూడా కొంచెం ఎక్కువే వచ్చాయి. అందుకని డాక్టర్ని అడగకుండా ఎవరూ మొదలెట్టకండి.

ఈ పరిశోధనలో మనుషుల్ని చేర్చుకోవడం 2009లో మొదలై 2024 దాకా సాగింది. నడకను సీసాలో పోసి అమ్ముకోలేరు కదా, మందుల కంపెనీకి ఇందులో లాభమేముంది? కెనడా క్యాన్సర్ సొసైటీ లాంటి సంస్థలు డబ్బు పెట్టాయి. తమకు మేలు జరుగుతుందో లేదో తెలియకుండానే ఆ 889 మంది సంతకం పెట్టి ఏళ్ళ తరబడి వచ్చారు. మా అక్కకి వాళ్ళ పేర్లు కూడా తెలియవు. నాకైతే వాళ్ళంతా మా చుట్టాలే అనిపిస్తుంది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటుంది. రెండో జట్టులో ప్రతివాళ్ళకూ ఒక మనిషిని తోడిచ్చారు. మొదటి ఏడాది రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి పలకరించి, ఎందుకు ఆగిపోయావు, కాలు నొప్పా, మనసు బాగాలేదా అని కనుక్కునే మనిషి. మొదటి జట్టుకీ వ్యాయామం మంచిదని పుస్తకంలో రాసే ఇచ్చారు మరి. తెలియడం వేరు, తోడుండటం వేరు.

డాక్టరుగారు సరేనన్నాక, అక్కకి నేను తోడయ్యాను. తను విజయవాడలో, నేను హైదరాబాదులో. పొద్దున ఆరింటికి ఫోన్ చెవిన పెట్టుకుని ఇద్దరం ఒకేసారి గేటు దాటతాం. మొదటి వారం వీధి చివర రామాలయం దాకా వెళ్ళి, అరుగు మీద కూర్చుండిపోయేది. ఆయాసం తగ్గేదాకా మాట్లాడకుండా నేనూ నిలబడేదాన్ని. ఇప్పుడు గుడి దాటి కాలవ గట్టు దాకా వెళ్తోంది. నిన్న వాన. "ఈ పూటకి మానేద్దామా అక్కా" అన్నాను. అవతల గొడుగు విప్పిన చప్పుడు వినిపించింది.