బడి నేర్పవలసిన బతుకు విద్య



తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణులపై దయ చూపాలి, సత్యమే పలకాలి అని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే అశోకుడు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కించాడు. వీటిని శిష్యులకు నేర్పమని గురువులకూ చెప్పాడు. బాబాసాహెబ్ కూడా విద్యతో పాటు ప్రజ్ఞ, శీలం, కరుణ, మైత్రి కావాలన్నారు.

ఇవి బతుకులో ఎట్ల పనికొస్తాయి? కోసిగి, ఆదోని పల్లెల నుంచి మనోళ్లు గుంటూరు మిరప కోతలకు సుగ్గి పోతారు. అక్కడ కూలి లెక్క సరిచూసుకోవడం ప్రజ్ఞ. సారాయికి లొంగకపోవడం శీలం. జ్వరమొచ్చిన తోటి కూలికి ఆసరా కావడం కరుణ. కులం చూడక కలిసి తినడం మైత్రి.

ఇవన్నీ బడిలో నేర్వాల్సిన బిడ్డనే సుగ్గికి తీసుకుపోతే ఎట్ల? సీజనల్ హాస్టల్లో చేర్పించండి. ‘ఎందుకు?’ అని అడిగితే కసరకండి. విన్నదాన్ని పరీక్షించి చూడమనే కదా బుద్ధుడు కాలాములకు చెప్పింది!