పిండి తెచ్చినవాని అర్పణ

చదువవలసిన భాగములు: లేవీయకాండము 5:5–13, ప్రసంగి 11:1–6

పాపపరిహారార్థబలిని గూర్చిన నియమములో మూడు మెట్లు కలవు. శక్తిగలవాడు మందలోనుండి ఆడుపిల్లను తేవలెను. అది చేతకానివాడు రెండు గువ్వలను తేవచ్చును. అదియు లేనివాడు కొంచెము పిండి తెచ్చిన చాలును. యాజకుడు అందులో పిడికెడు తీసి బలిపీఠముమీద దహించును. పిండి తెచ్చినవానికి సగము క్షమాపణ అని అక్కడ వ్రాయబడలేదు.

మలాకీ ప్రవక్త కుంటిదానిని అర్పించినవారిని గద్దించెను గదా యని ఒకరు అడుగవచ్చును. వారు మందలో మంచిదానిని దాచుకొని చెడ్డదానిని తెచ్చిరి. దాచుకొనుట వేరు, లేకపోవుట వేరు. మత్తయి 5:48లో ప్రభువు కోరిన పరిపూర్ణతయు, సందర్భమునుబట్టి చూడగా, శత్రువును సైతము విడువని ప్రేమయే. అచ్చటి గ్రీకు మాటకు గమ్యము చేరినది, పరిపక్వమైనది అని భావము. ఎన్నడును తప్పు దొరలని పనితనమును గూర్చి ప్రభువు అచ్చట మాటలాడలేదు.

అనువాదకులకు ఈ భేదము మిగుల అవసరము. కార్ నికోబారు దీవిలో జన్మించిన జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో విద్యనభ్యసించి 1912లో ఉపాధ్యాయుడుగా స్వస్థలమునకు తిరిగి వచ్చెను. ఆ భాషకు సొంత లిపి లేదు; రోమను అక్షరములే ఆధారమాయెను. కొబ్బరి, మొగలిజాతి చెట్టు పండు, కందమూలములు, పందులు ఆ జనులకు జీవనాధారములు. ధాన్యము విత్తి కోయుట వారి పూర్వాచారము కాదు. అట్టివారికి విత్తువాని ఉపమానమును, కళ్లమును, చేటను, ద్రాక్షతోటను, హిమమును ఏ మాటలతో చెప్పవలెను? సరిసమానమైన మాట దొరకువరకు ఆగినయెడల మత్తయి సువార్తయే ముగియదు. 1942 మొదలు 1945 వరకు జపాను సైన్యము ఆ దీవులను ఆక్రమించియుండెను. అయినను 1950లో క్రొత్త నిబంధనయు, 1969లో సంపూర్ణ బైబిలును ఆ భాషలో వెలువడెను.

తెలుగువారికి ఇది ఎరుగని సంగతి కాదు. నేడు శ్రీ విజయపురమని పిలువబడు పోర్టుబ్లెయిరుకు ఓడలు బయలుదేరు విశాఖపట్టణమునకే 1805లో అగస్టస్ డెస్‌గ్రాంజెస్ వచ్చెను. ఆనందరాయరు సహాయముతో మొదటి మూడు సువార్తలను తెనిగించి, 1810లో, అనగా అవి అచ్చు కాకమునుపే, కన్నుమూసెను. 1812లో శ్రీరాంపురమున అవి ముద్రింపబడెను. తరువాతివారు క్రొత్తగా తెనిగించిరి, సవరించిరి. పండితులు నేటికిని సవరించుచునే యున్నారు. ఆ మొదటి ప్రతిలో లోపములు లేవని ఎవరును అనరు. అయితే దానిని చదివినవారు ప్రభువు మాటలను తెలుగులో చదివిరి.

గాలి వాలును చూచుచు కూర్చుండు సేద్యగాని గూర్చి ప్రసంగి హెచ్చరించెను. అతడు సోమరి కాడు, బహు జాగ్రత్తగలవాడు. అతని జాగ్రత్తయే అతని పొలమును బీడుచేసెను. సంఘములలో ఇట్టివారు అనేకులు. చక్కని మాటలు రావని గృహప్రార్థన నడిపింపని తల్లి, వేదాంతము చదువలేదని ఆదివారపు బడిలో బోధింపనొల్లని యౌవనుడు, తగిన సమాధానవాక్యము దొరకలేదని తమ్మునికి ఏండ్ల తరబడి ఉత్తరము వ్రాయని అన్న. ఇది వినయమువలె కనబడును. అనేక పర్యాయములు దాని వెనుక నున్నది నగుబాటు భయమే. ఆ తమ్ముడు చక్కని వాక్యముకొరకు ఎదురుచూచుటలేదు. అన్న చేవ్రాతకొరకు ఎదురుచూచుచున్నాడు.