ఎలెవన్ ప్లస్ పదాలు, పదేళ్ల మనసు

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగు ఇళ్లలో పిల్లలు ఇయర్ ఫోర్‌కు వచ్చేసరికి గ్రామర్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష, ఎలెవన్ ప్లస్ మాట మొదలవుతుంది. స్లౌలోనో, రెడింగ్‌లోనో, సట్టన్‌లోనో ఇల్లు వెతుక్కున్నదే గ్రామర్ స్కూల్ కోసమని చెప్పే తల్లిదండ్రులున్నారు. లెక్కలంటే మనకు భయం లేదు, ఇంట్లోనే కూర్చోబెట్టి చెప్పుకోగలం. నాన్ వెర్బల్ బొమ్మలు సాధన చేస్తే పట్టుబడతాయి. వెర్బల్ రీజనింగ్ దగ్గరికి వచ్చేసరికే గుండెల్లో దడ. "మేమిద్దరం తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లం టీచర్ గారూ, మా ఇంగ్లిష్ ఆఫీసు పనికి సరిపోతుంది. పుస్తకాల్లో ఉండే ఆ పదాలన్నీ వీడికి ఎక్కడినుంచి తెచ్చిపెట్టాలి?" అని అడిగే అమ్మ గొంతులో, తన వల్ల బిడ్డకు ఎక్కడ లోటు జరుగుతుందోనన్న బెంగ వినిపిస్తుంది. ఆ బెంగను పక్కన పెట్టమని నేను అనను. దాన్ని దగ్గర పెట్టుకునే మాట్లాడుకుందాం.

ముందు పరీక్ష సంగతి కొంచెం తెలుసుకుందాం. 1944 నాటి విద్యాచట్టం తర్వాత పదకొండో ఏట పిల్లలను వడపోసే పద్ధతి ఇంగ్లండ్‌లో విస్తరించింది. 1965 తర్వాత చాలా ప్రాంతాలు దాన్ని వదిలేశాయి. ఇప్పుడు మిగిలిన ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లు 163. కెంట్, బకింగ్‌హమ్‌షైర్, లింకన్‌షైర్ లాంటి చోట్ల ఎక్కువగా ఉన్నాయి, చాలా ప్రాంతాల్లో ఒక్కటీ లేదు. పరీక్ష మామూలుగా ఇయర్ సిక్స్ మొదలైన సెప్టెంబరులోనే జరుగుతుంది. అంటే రాసేవాళ్లకు పదేళ్లే. బకింగ్‌హమ్‌షైర్‌లో అర్హత సాధించాలంటే 121 స్కోరు కావాలి. పిల్లలు సరిగా రాసిన జవాబులకు, తోటివాళ్లు ఎలా రాశారన్నది, బిడ్డ వయసు ఎన్ని నెలలన్నది కలిపి కట్టే స్కోరు అది. ఒకే క్లాసులో సెప్టెంబరులో పుట్టిన పిల్లకూ, మరుసటి ఆగస్టులో పుట్టిన పిల్లకూ మధ్య దాదాపు ఏడాది తేడా ఉంటుంది కాబట్టి దాన్ని అలా సర్దుతారు. మా పాప క్లాసులో అందరికన్నా చిన్నదని దిగులుపడేవాళ్లు ఆ దిగులు కొంత తగ్గించుకోవచ్చు. అయితే కఠినమైన నిజం కూడా ఇక్కడే ఉంది. సీట్లకన్నా బాగా చదివే పిల్లలు ఎక్కువ. చక్కగా తయారైన బిడ్డకూ సీటు రాకపోవచ్చు. ఈ మాట మొదట్లోనే ఒప్పుకుంటే రాబోయే రెండేళ్లు మన ఇల్లు ఇల్లులాగే ఉంటుంది.

ఇక పదాలు. సాధన పుస్తకాలు తెరిస్తే దగ్గరి అర్థం ఉన్న మాట, వ్యతిరేకార్థం, రెండు మాటలు కలిస్తే వచ్చే మూడో మాట, వాక్యంలో దాగి ఉన్న నాలుగక్షరాల మాట, రెండు జట్లకూ సరిపోయే ఒకే మాట, ఇలా రకరకాల ప్రశ్నలు కనిపిస్తాయి. అడ్వాన్స్‌డ్ వొకాబ్యులరీ అనగానే పొడుగాటి మాటలు మన కళ్లముందు మెదులుతాయి. పిల్లలు తడబడేది తరచుగా చిన్న మాటల దగ్గర. 'సౌండ్' అంటే చప్పుడని మన పిల్లలందరికీ తెలుసు. మంచి సలహాను, గాఢనిద్రను, గట్టి కట్టడాన్ని కూడా అదే మాటతో చెబుతారని తెలిసినవాళ్లు తక్కువ. 'ఫెయిర్' అంటే న్యాయమైనదని తెలిసిన పిల్ల, అదే మాటకు తిరునాళ్ల అనీ లేత రంగు జుట్టు అనీ అర్థాలుంటాయని చెబితే ఆశ్చర్యపోతుంది. 'ఆంటగనిస్టిక్' గడగడా అప్పజెప్పిన పిల్లవాడు 'స్టెర్న్' దగ్గర ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. కఠినమైన ముఖానికి వాడే మాటని వాడికి తెలుసు. ఓడ వెనక భాగానికీ అదే పేరని తెలియదు.

ఓడ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఓక్, ఆష్, ఎల్మ్, బీచ్ చెట్ల పేర్లు, ఆడగొర్రెకు, గుర్రప్పిల్లకు, బాతుపిల్లకు ఉండే పేర్లు, చర్చి శిఖరం, బట్ట అంచు మడత, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగు: ఇలాంటి మాటలు ఈ ప్రశ్నల్లో ఇట్టే దొర్లుతాయి. ఇక్కడ తరతరాలుగా ఉన్న ఇళ్లలో తాతయ్యలు, అమ్మమ్మలు మాట్లాడుతుండగానే అవి పిల్లల చెవిన పడతాయి. మన ఇళ్లలో వేప, చింత, కానుగ వినిపిస్తాయి. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు, ఆ వస్తువులను పేరు పెట్టి పిలిచే మనుషుల మధ్య వాళ్లు పెరగలేదంతే. దీనికి ట్యూషన్ అక్కర్లేదు. ఆదివారం అడవిబాటన నడుస్తూ చెట్టు కింద పేరుపలక ఉంటే ఆగి చదవండి. పోర్ట్స్‌మత్ తీసుకెళ్లి, 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కి పోరాడిన హెచ్‌ఎంఎస్ విక్టరీ ఓడ ఎక్కించండి. డెక్ ఏది, హల్ ఏది, స్టెర్న్ ఏదో అక్కడ కాళ్లతో నడిచి తెలుసుకున్న పిల్లలు మళ్లీ మర్చిపోరు.

ఇవన్నీ జాబితా రాసి గోడకు అంటిస్తే సరిపోదా అని అడుగుతారు. ఫ్రిజ్ మీద, బాత్‌రూమ్ తలుపు మీద పదాల కాగితాలు అంటించిన ఇళ్లు నాకు తెలుసు. రాత్రి పది దాటాక ఆఫీసు పని ముగించుకుని ఆ ఫ్లాష్‌కార్డులు కత్తిరించే నాన్నల కష్టాన్ని తక్కువ చేయలేను. కానీ జాబితాలో మాట ఒంటరిగా ఉంటుంది. ఒక పెళ్లిలో పరిచయం చేసిన దూరపు బంధువు పేరు మర్నాటికి మనకు గుర్తుండదు. నాలుగు శుభకార్యాల్లో కలిసి, పక్కన కూర్చుని భోంచేస్తే ఆ మనిషి మనవాడవుతాడు. మాటా అంతే. అమెరికాలో విలియం నాగీ, రిచర్డ్ ఆండర్సన్ 1980లలో పిల్లల చదువును పరిశీలించి దాదాపు ఇదే తేల్చారు. చదువుతుండగా ఒక్కసారి ఎదురైన కొత్త మాట మనసులో నిలిచే అవకాశం చాలా తక్కువ. అయితే విస్తారంగా చదివే పిల్లలకు అలాంటి చిన్న చిన్న పరిచయాలే పోగుపడి పెద్ద పదసంపద అవుతుంది.

జాబితా అసలు వద్దని కాదు. ఏ మాటలు అన్నదే ప్రశ్న. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్, లిండా కుకన్ 2002లో 'బ్రింగింగ్ వర్డ్స్ టు లైఫ్' అనే పుస్తకం రాశారు. అందులో మాటలను మూడు అంతస్తులుగా చూస్తారు. మొదటిది రోజూ మాట్లాడుకునేవి, పిల్లలకు వాటంతట అవే వస్తాయి. మూడోది సైన్సుకో భూగోళానికో చెందినవి, ఆ పాఠం దగ్గర వస్తాయి. నడిమివి 'రిలక్టెంట్', 'అబ్సర్డ్', 'ఫార్చునేట్' లాంటివి. ఆటస్థలంలో అంతగా వినపడవు, ఏ పుస్తకం తెరిచినా కనపడతాయి. మనం శ్రద్ధ పెట్టవలసింది వీటి మీదే. రోజుకు ముప్పై కాదు, వారానికి ఎనిమిదో పదో చాలు. అవి కూడా బిడ్డ చదువుతున్న పుస్తకంలోంచి తీసినవైతే మంచిది. సొంత నోట్‌బుక్‌లో సొంత వాక్యం రాసుకోనివ్వండి, ఆ వాక్యంలో తమ్ముడి గొడవ రాసినా, అమ్మ చేసిన కాకరకాయ కూర మీద ఫిర్యాదు రాసినా ఫరవాలేదు. ఇవాళ రాసుకున్నది రేపు, తర్వాత వారానికి, తర్వాత నెలకు ఒకసారి పలకరించాలి. ఒకే రోజు పదిసార్లు చదివించడం కన్నా ఇదే నిలుస్తుంది.

ఇప్పుడు ఆ పిల్లవాడి వైపునుంచి చూద్దాం. భోజనాల దగ్గర నాన్న "ఆబ్‌స్టినేట్ అంటే?" అని అడుగుతారు. తెలుసుననే అనిపిస్తుంది, నోటిదాకా రాదు. వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ చెయ్యి ఆగడం వాడు చూశాడు. పదేళ్ల పిల్లలు మన మాటలకన్నా ముందు మన ముఖాలు చదువుతారు. అలాంటి సాయంత్రాలు కొన్ని గడిచాక వాడు ఒక ఉపాయం పట్టుకుంటాడు: తెలియని మాట కనిపిస్తే తెలిసినట్టే దాటేయడం. ఇదివరకు పుస్తకం పట్టుకుని "అమ్మా, ఇదేంటి?" అంటూ పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు రాడు, ఎందుకంటే అడిగిన మాట రేపు తన మీదికే ప్రశ్నగా తిరిగొస్తుంది. కొందరు పిల్లలు తమకు పట్టున్న సన్నని పుస్తకాలే మళ్లీ మళ్లీ చదువుతారు. బద్ధకమని మనం అనుకుంటాం. అక్కడ తప్పు చేసే అవకాశం లేదు కాబట్టి, వాళ్లకు ఊపిరాడేది అక్కడే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎంత చదివించినా పరీక్షలో తెలియని మాటలు వస్తాయి, తప్పకుండా వస్తాయి. అప్పుడు పనికొచ్చేది తెలియని మాట ముందు కంగారుపడని గుణం. కాస్త ఆగి, పొసగనివి తీసేసి, ఆ మాటలో తెలిసిన ముక్క ఏదైనా ఉందేమో చూసి, మిగిలినవాటిలోంచి ఒకటి ఎంచుకుని ముందుకు సాగే గుణం. తెలియదని చెప్పినా ఎవరి ముఖమూ వాడిపోని ఇంట్లోనే అది అలవడుతుంది. మనం ప్రేమతో అడిగే ప్రశ్నలే దాన్ని చంపుతుంటే, ప్రేమ అలాగే ఉండనిచ్చి అడిగే తీరు మార్చుకుందాం. మీకు తెలియని మాట వార్తల్లో వినిపించినప్పుడు "నాకూ తెలియదు నాన్నా, ఏమై ఉంటుందంటావు?" అని వాడినే అడగండి. ఇద్దరూ ఊహించాకే డిక్షనరీ తీయండి. పెద్దవాళ్లకూ తెలియని మాటలుంటాయనీ, ఆకాశం విరిగి పడదనీ పిల్లలు చూడాలి.

ఇంకొక సంగతి చాలామంది నన్ను చాటుగా అడుగుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడటం ఆపేయాలా, ఆదివారం తెలుగు క్లాసు మాన్పించాలా అని. వద్దు. బెరుకులేకుండా చెబుతున్నాను, వద్దు. టొరంటోలో పనిచేసిన జిమ్ కమిన్స్, రెండు భాషల పిల్లల గురించి ఎన్నో ఏళ్లు అధ్యయనం చేసిన మనిషి. ఒక భాషలో ఆలోచనగా ఏర్పడినది రెండో భాషకు పునాదిగా నిలుస్తుందని ఆయన చెప్పారు. పొదుపరికీ పిసినారికీ తేడా నాయనమ్మ కథల్లో విన్న పిల్లకు 'ఫ్రూగల్', 'మైజర్లీ' ఎందుకు వేరో విడమరచి చెప్పనక్కర్లేదు, కొత్త పేరు తగిలిస్తే చాలు. ఆలోచనే లేని చోట పేరు ఎన్నిసార్లు చెప్పినా జారిపోతుంది. మనకు పట్టులేని ఇంగ్లిష్‌లో పిల్లలతో నాలుగు ముక్కలు మాట్లాడటం కన్నా, మనకు బాగా వచ్చిన తెలుగులో ఒక సంగతిని చర్చించడం వాళ్ల బుర్రకు ఎక్కువ మేత.

ఈ మధ్యే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన కుటుంబాలకు కమిన్స్ చెప్పిన మరో విషయం తెలియాలి. కొత్త దేశానికి వచ్చిన పిల్లలు తోటివాళ్లతో ధారాళంగా మాట్లాడటానికి సుమారు రెండేళ్లు పడుతుంది. పుస్తకాల భాషలో తోటివాళ్లను అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు. ఏడో ఏట వచ్చిన పిల్ల తొమ్మిదేళ్లకు ఇక్కడి యాసలో గలగలా మాట్లాడుతుంటే మనం మురిసిపోతాం, మాక్ టెస్టులో స్కోరు చూసి బెదిరిపోతాం. అందులో వింత లేదు. ఆ పిల్ల వెనకబడలేదు, ఇంకా దారిలో ఉంది. పరీక్ష తేదీ మాత్రం ఆ దారిని చూసి ఆగదు. అది బాధాకరమే, కానీ నిజం.

చదివించడం గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను: బిడ్డ సొంతంగా చదువుకోగలిగినా, పైకి చదివి వినిపించడం మానకండి. వాళ్లు చదవగలిగిన దానికన్నా ఒక మెట్టు పైనున్న పుస్తకం ఎంచుకోండి. 1911 నాటి 'ది సీక్రెట్ గార్డెన్' చూడండి, ఇండియాలో పెరిగి ఇంగ్లండ్ వచ్చి ఒంటరిదైన చిన్నపిల్ల కథ. మన పిల్లలు ఆ పిల్లను సులువుగా పోల్చుకుంటారు. తోటపని మాటలు, యార్క్‌షైర్ పల్లె మాటలు అందులో ధారాళంగా ఉన్నాయి. ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' అయితే అమ్మానాన్నలకే ఇష్టంగా ఉంటుంది. మీ ఉచ్చారణ బాగుండదని వెనకాడకండి. పిల్లలు దిద్దితే దిద్దనివ్వండి, అమ్మకు నేర్పిన మాటను ఏ పిల్లా మరిచిపోదు. గొంతు అలసిన రోజున ఆడియో పుస్తకం పెట్టండి. ఊరి లైబ్రరీలో సభ్యత్వం ఉచితం.

మాట లోపలి ముక్కలు చూడటం మనవాళ్లకు చేతనైన విద్యే. న్యాయం, అన్యాయం, గుణం, దుర్గుణం అని చిన్నప్పుడే విన్నవాళ్లం. 'బెనె' ఉంటే మంచి వైపు, 'మాల్' ఉంటే చెడు వైపు అని చెప్పి వదిలేయండి. అలాంటి ముక్కలు పాతిక తెలిస్తే పరీక్షలో ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి. సాధన పత్రాలు చివరి ఏడాదిలో మొదలుపెడితే చాలు, అదీ నిద్ర తగ్గించకుండా.

ఫలితాలు సాధారణంగా అక్టోబరులో వస్తాయి. సెకండరీ స్కూళ్ల ఎంపిక దరఖాస్తుకు గడువు అక్టోబరు 31, ఏ స్కూలు వచ్చిందో తెలిసేది మార్చి 1న. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ సెకండరీ స్కూళ్లలో చదివే పిల్లల్లో గ్రామర్ స్కూళ్లకు వెళ్లేది నూటికి సుమారు అయిదుగురే. మిగిలినవాళ్లు చదివే కాంప్రహెన్సివ్ స్కూళ్ల నుంచీ ఏటా ఎందరో పిల్లలు ఆక్స్‌ఫర్డ్‌కు, కేంబ్రిడ్జికి, మెడిసిన్‌కు వెళుతున్నారు. మీ దగ్గరి కాంప్రహెన్సివ్ స్కూలుకు బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లి చూసి రండి, అక్కడ నచ్చినవి పేరు పెట్టి మెచ్చుకోండి. ఏ స్కూలైనా మాకు సంతోషమే అన్న మాట ఫలితం వచ్చాక చెబితే పిల్లలకు అది ఓదార్పులాగే వినిపిస్తుంది, ముందే చెబితే నమ్ముతారు. అందుకని పరీక్ష ఇంకా దూరంగా ఉండగానే, వీలైతే ఈ వారంలోనే, ఆ మాట మీ బిడ్డతో చెప్పండి.