కాసిపేటలో సెల్ఫ్ సర్వీస్ లాండ్రీ పెట్టాలంటే వాషర్, డ్రయర్ ఎలా ఎంచుకోవాలి?

మన సైట్‌లో ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, టీవీలే కదా, ఈసారి కొంచెం పెద్ద గ్యాడ్జెట్. "అన్నా, మా ఊళ్ళో సెల్ఫ్ సర్వీస్ లాండ్రీ పెడదామనుకుంటున్నాం, ఏ మెషిన్ తీసుకోవాలి?" అని బొగ్గు బెల్ట్ నుంచి అడుగుతున్న తమ్ముళ్ళు ఉన్నారు. ఇది ఫోన్ కొన్నట్టు కాదు. ఫోన్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి కొంటాం. ఇక్కడ ఇంట్లోవాళ్ళ పొదుపు మొత్తం నాలుగు మెషిన్ల మీద పడుతుంది. అందుకే స్పెసిఫికేషన్ షీట్ ఎలా చదవాలో ఒక పాఠంలా చెప్తాను. ఉదాహరణకి మంచిర్యాల జిల్లా కాసిపేట తీసుకుందాం.

కాసిపేటే ఎందుకంటే, ఇక్కడ ఒక పక్క సింగరేణి అండర్‌గ్రౌండ్ బాయిలు, ఇంకో పక్క దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. బాయి దిగి వచ్చినవాళ్ళ బట్టల మీద బొగ్గు పొడే కాదు, సున్నపురాయి పొడి కూడా ఉంటుంది. బొగ్గు పొడి అంటుకుని పేలుడు పాకకుండా అండర్‌గ్రౌండ్‌లో దాన్ని చల్లుతారు. పైగా గ్రీజు, ఆయిల్ మరకలు. హైదరాబాద్ హాస్టల్ పక్కన నడిచే మెషిన్ ఇక్కడ కూడా అలాగే నడుస్తుందని అనుకోకండి.

ముందు లెక్క: ఇంటి మెషిన్ సరిపోదా?

షోరూమ్‌లో దొరికే ఇంటి మెషిన్ ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. యూరప్‌లో పాత ఎనర్జీ లేబుల్ ఒక కుటుంబానికి ఏడాదికి 220 వాష్‌లని లెక్కేసేది. మీ షాపులో ఒక్కో మెషిన్ రోజుకి 10 లోడ్లు ఉతికితే 220 వాష్‌లు 22 రోజుల్లో అయిపోతాయి. అంటే ఇంట్లో ఏడాది పని ఇక్కడ మూడు వారాల పని. బేరింగులు, డోర్ రబ్బరు, సస్పెన్షన్ అన్నీ ఆ లెక్కలోనే అరుగుతాయి. పైగా ఇంటి మెషిన్ల వారంటీ సాధారణంగా కమర్షియల్ వాడకానికి వర్తించదు. కార్డు వెనక చిన్న అక్షరాలు చదవండి.

కాబట్టి కమర్షియల్ క్లాసే. మన దేశంలో ఎల్‌జీ, ఐఎఫ్‌బీ, ఎలక్ట్రోలక్స్ ప్రొఫెషనల్, స్పీడ్ క్వీన్ లాంటి బ్రాండ్లు ఈ క్లాస్‌లో ఉన్నాయి. ఏ బ్రాండ్ అనేది చివరి ప్రశ్న. ముందు అడగాల్సింది స్పిన్ గురించి.

కేజీలు కాదు, జి-ఫోర్స్ చూడండి

ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్ ఎలాగో, వాషర్‌కి డోర్ మీద రాసిన కేజీలు అలాగ. అవసరమే, కానీ అసలు సంగతి అది చెప్పదు. ఆర్‌పీఎం కూడా సగమే చెప్తుంది. ఒకే ఆర్‌పీఎంలో పెద్ద డ్రమ్ బట్టల్ని ఎక్కువ బలంతో గోడకి నొక్కుతుంది. ఆ బలమే జి-ఫోర్స్. లెక్క ఇలా:

జి-ఫోర్స్ = 0.00001118 × డ్రమ్ వ్యాసార్థం (సెం.మీ.) × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం

రెండు మెషిన్లు పోల్చి చూద్దాం. 30 సెం.మీ. వ్యాసార్థం ఉన్న డ్రమ్ 600 ఆర్‌పీఎంతో తిరిగితే సుమారు 120 జి. 24 సెం.మీ. డ్రమ్ 1200 ఆర్‌పీఎంతో తిరిగితే సుమారు 386 జి. మొదటిది చూడ్డానికి పెద్ద మెషిన్, కానీ నీళ్ళు పిండడంలో రెండోదే మేలు.

ఇప్పుడు డబ్బుల్లోకి వద్దాం. 8 కేజీల పొడి కాటన్ బట్టలు వేశారనుకోండి. తక్కువ జి ఉన్న మెషిన్ నుంచి బట్టల బరువులో 80 శాతం నీటితో బయటికొస్తే, అది 6.4 లీటర్లు. ఎక్కువ జి మెషిన్ నుంచి 55 శాతంతో వస్తే 4.4 లీటర్లు. తేడా 2 లీటర్లు.

ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి ఫిజిక్స్ ప్రకారమే 0.63 యూనిట్ల దాకా కావాలి. గాలిని, డ్రమ్‌ని, బట్టల్ని వేడి చేయడం కూడా కలిపితే మామూలు ఎలక్ట్రిక్ డ్రయర్‌లో లీటరుకి దాదాపు 1 యూనిట్ అనుకోండి. యూనిట్ రూ. 10 వేసుకుంటే (మీ బిల్లు చూసి మార్చుకోండి) లోడ్‌కి రూ. 20 తేడా. రెండు వాషర్లు కలిపి రోజుకి 20 లోడ్లు అయితే రూ. 400, నెలకి రూ. 12,000. అదే పని స్పిన్‌తో చేస్తే? 1 కిలోవాట్ మోటారు 6 నిమిషాలు తిరిగితే ఖర్చు 0.1 యూనిట్.

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: డ్రయర్ కరెంటు బిల్లు వాషర్ కొన్న రోజే ఖాయమైపోతుంది. డీలర్ దగ్గర "ఫైనల్ స్పిన్ జి-ఫోర్స్ ఎంత?" అని అడగండి. చెప్పలేకపోతే డ్రమ్ కొలత, ఆర్‌పీఎం తీసుకుని మీరే లెక్కేయండి.

సాఫ్ట్ మౌంటా, హార్డ్ మౌంటా?

హార్డ్ మౌంట్ మెషిన్‌ని కాంక్రీట్ బెడ్‌లోకి బోల్టులతో బిగించాలి. గట్టిగా ఉంటుంది, కానీ స్పిన్ సాధారణంగా తక్కువ. సాఫ్ట్ మౌంట్‌లో స్ప్రింగులు, డ్యాంపర్లు అదురుని తీసుకుంటాయి కాబట్టి ఎక్కువ జి దాకా వెళ్ళొచ్చు. అద్దె షట్టర్‌లో పెట్టేవాళ్ళకి సాఫ్ట్ మౌంటే నయం. రేపు ఓనర్ ఖాళీ చేయమంటే కాంక్రీట్ బెడ్ వెంట తీసుకుపోలేం కదా!

బొగ్గు ఊళ్ళో డ్రెయిన్ ముఖ్యం

బొగ్గు పొడి నీళ్ళలో కరగదు. అది బట్టలోంచి విడిపోయి, నీళ్ళతో పాటు బయటికి పోవాలి. నీళ్ళు తక్కువైతే ఒక చొక్కా నలుపు ఇంకో చొక్కాకి అంటుకుంటుంది. అందుకే "వాటర్ సేవింగ్" అని గొప్పగా చెప్పే ప్రోగ్రామ్ డ్యూటీ బట్టలకి పనికిరాదు. ప్రీవాష్, ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టుకునేలా ప్రోగ్రామ్ మార్చుకునే వీలుండాలి.

రెండోది, నీళ్ళు బయటికి పోయే దారి. ఇంటి మెషిన్లలో చిన్న పంపు, దాని ముందు చిన్న ఫిల్టర్ ఉంటాయి. పొడి, ఇసుక అక్కడే పేరుకుంటాయి. సిమెంటు పొడి అయితే తడిసి గట్టిపడుతుంది. చాలా కమర్షియల్ మెషిన్లలో పంపు బదులు డంప్ వాల్వ్ ఉంటుంది. వాల్వ్ తెరుచుకోగానే నీళ్ళు పెద్ద పైపులోంచి వాటంతట అవే కిందికి పోతాయి. కాసిపేటకి నేను డంప్ వాల్వ్ మెషిన్‌కే ఓటేస్తా. దానికి నేలలో వాలు, డ్రెయిన్‌కి ముందు పొడి అడుగున దిగే చిన్న తొట్టి కట్టించుకోవాలి.

ఒక మెషిన్ మీద "డ్యూటీ బట్టలు మాత్రమే" అని పెద్దగా రాసి పెట్టండి. పిల్లల స్కూల్ డ్రెస్ మీద ఒక్క నల్ల మరక వచ్చినా ఆ కుటుంబం మళ్ళీ రాదు.

డ్రయర్: కరెంటా, గ్యాసా, హీట్ పంపా?

ఎలక్ట్రిక్: 10 కేజీల కమర్షియల్ డ్రయర్ 5 నుంచి 6 కిలోవాట్లు లాగుతుంది. రెండు డ్రయర్లు, వాషర్ హీటర్లు కలిస్తే త్రీ ఫేజ్ కనెక్షన్ లెక్కలోకి వస్తుంది. మెషిన్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే లోడ్ గురించి డిస్కమ్ ఆఫీసులో మాట్లాడండి.

గ్యాస్: 19 కేజీల కమర్షియల్ సిలిండర్‌లో సుమారు 240 యూనిట్ల వేడి ఉంటుంది. సిలిండర్ రూ. 1,900 అనుకుంటే యూనిట్ దాదాపు రూ. 8. అంటే కరెంటు కంటే మరీ చవకేం కాదు, కానీ త్రీ ఫేజ్ లోడ్ తగ్గుతుంది. ఇంటి 14.2 కేజీల సిలిండర్ షాపులో వాడటం చట్టవిరుద్ధం, ఆ ఆలోచనే వద్దు.

హీట్ పంప్: కరెంటు దాదాపు సగానికి తగ్గుతుంది, కానీ ఇంటి మోడళ్ళు ఒక లోడ్‌కి రెండు గంటలు దాటించడం మామూలే. షిఫ్టు దిగి బెంచీ మీద కూర్చున్న మనిషి అంతసేపు ఆగడు. బొగ్గు బెల్ట్‌లో రద్దీ రోజంతా ఒకేలా ఉండదు, షిఫ్టు మారినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. అందుకే వాషర్‌తో సమానంగా పరిగెత్తే డ్రయర్ కావాలి. వాషర్ 40 నిమిషాలైతే డ్రయర్ కూడా ఆ చుట్టుపక్కలే ఉండాలి.

250 ఉచిత యూనిట్ల సంగతి

తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీ షాపులకి, ధోబీఘాట్లకి నెలకి 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చింది. మీ కుటుంబం ఆ వృత్తిలోనే ఉంటే మీ కనెక్షన్‌కి ఇది వర్తిస్తుందా అని ముందే అడిగి తెలుసుకోండి. అయితే దాని మీదే బిజినెస్ లెక్క కట్టకండి. 1 కిలోవాట్ ఇస్త్రీ పెట్టె రోజుకి 8 గంటల చొప్పున 26 రోజులు నడిచినా 208 యూనిట్లే, ఉచితంలో సరిపోతుంది. డ్రయర్‌కి మాత్రం లోడ్‌కి 4.4 యూనిట్ల చొప్పున అవే 250 యూనిట్లు 56 లోడ్లకే అయిపోతాయి. అంటే మూడు రోజులు కూడా రావు. ఇంకో మాట: మెషిన్ ఇస్త్రీ చేయదు. ఊళ్ళో ఇస్త్రీ చేసే కుటుంబంతో కలిసి నడిపితే వాళ్ళ పనీ పోదు, మీకు నమ్మకమైన ఖాతాలూ దొరుకుతాయి.

వదలకూడని జాగ్రత్తలు

• ఆయిల్, గ్రీజు బట్టలు డ్రయర్‌లో వేయనివ్వకండి. ఉతికినా మిగిలిపోయే నూనె వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. ఈ బోర్డు డ్రయర్ పక్కనే ఉండాలి.
• లింట్ ఫిల్టర్ ప్రతి లోడ్ తర్వాత శుభ్రం చేయాలి. వేడి గాలి పైపు ప్లాస్టిక్ వద్దు, మెటల్‌దే పెట్టి పొట్టిగా ఉంచండి.
• ట్యాంక్ 10 మీటర్ల ఎత్తులో ఉంటే 1 బార్ ప్రెషర్, 3 మీటర్లయితే 0.3 బారే. మెషిన్‌కి కావాల్సిన కనీస ప్రెషర్ అడగండి.
• యూపీఐ బాక్స్ పెట్టాలంటే మెషిన్‌కి కాయిన్ పల్స్ ఇన్‌పుట్ ఉండాలి. కరెంటు పోయి వస్తే ఆగిన చోటు నుంచి మొదలవుతుందో లేదో డెమోలో ప్లగ్ తీసి చూడండి.

నా వెర్డిక్ట్

కాసిపేటకైతే మొదటి దశలో 10 కేజీల సాఫ్ట్ మౌంట్ వాషర్లు రెండు, 300 జి పైన, డంప్ వాల్వ్‌తో. వాటికి జతగా రెండు డ్రయర్లు, త్రీ ఫేజ్ దొరికితే ఎలక్ట్రిక్, లేకపోతే గ్యాస్. బ్రాండ్ విషయంలో రెండు మోడళ్ళ మధ్య తేలకపోతే, మంచిర్యాలకి మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడో రాతపూర్వకంగా ఇచ్చేవాళ్ళదే తీసుకోండి. మీరు చూస్తున్న మోడల్ డ్రమ్ కొలత, ఆర్‌పీఎం కామెంట్‌లో పెట్టండి, జి-ఫోర్స్ లెక్క కలిసి వేద్దాం.