ముప్పదినాలుగు యూనిట్లు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరమును, దానితో నీవు పంపిన పాఠ్యపట్టికయు నాకు చేరినవి. అంతకు రెండు దినములు ముందే మీ అమ్మ ఫోను చేసి, "ఎంపీసీలో అన్నేసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి మళ్ళీ సోషలేమిటండీ బావగారూ? స్పీచేమిటి, బొమ్మల చరిత్రేమిటి? రెండేళ్లు వెనక్కి పోయినట్టుంది" అని తన గోడు వెళ్ళబోసికొన్నది. నీ ఉత్తరమున ఆ మాట లేకపోయినను, ఆ ప్రశ్నయే అక్షరముల చాటున నిలిచియున్నట్లు నాకు తోచినది. ముప్పది సంవత్సరములకు పూర్వము ఇదే కాలిఫోర్నియా రాష్ట్రమున, ఇటువంటి కాలేజిలోనే, నేనును ఆ ప్రశ్నను గొణుగుకొనుచు తిరిగినవాడనే కావున, సావకాశముగా జవాబు వ్రాయుచున్నాను. నీవును తొందరపడక చదువుము.

మొదట నీవు చేరిన చోటినిగూర్చి ఒక మాట. కమ్యూనిటీ కాలేజి యనగానే మనవారిలో కొందరు, ఎక్కడను సీటు రానివారు చేరెడి స్థలమని పెదవి విరుతురు, పెండ్లిపందిళ్ళలో ఎవరైన "అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడు?" అని యడిగినచో, ఊరి పేరు చెప్పి కాలేజి పేరు మ్రింగివేయు తల్లిదండ్రులను నేను చూచితిని. ఇది తెలియనితనము. 1907లో ఈ కాలిఫోర్నియా శాసనసభ ఉన్నత పాఠశాలలకు కళాశాలాస్థాయి పాఠములు చెప్పుకొనుటకు అనుమతి నొసగగా, 1910లో ఫ్రెస్నో పట్టణమున అట్టి చదువు మొదలైనది. 1960లో క్లార్క్ కెర్ ప్రభృతులు రూపొందించిన మాస్టర్ ప్లాను ఉన్నతవిద్యను మూడంతస్తుల మేడగా కట్టి, క్రింది అంతస్తున చేరి శ్రద్ధగా చదివినవానికి పైకి పోవు మెట్లు తెఱచియే యుండవలెనని నియమించినది. నేడు అట్టి కాలేజీలు 116. రాష్ట్రవాసులకు యూనిట్టు రుసుము 46 డాలర్లు. ఓలోనీ కాలేజిలో నీవు కూర్చుండు తరగతిగది ఆ మేడకు పునాది యంతస్తే కాని పెరటి వసారా కాదు.

ఇక పట్టిక మాట. విశ్వవిద్యాలయమున మూడవ సంవత్సరపు విద్యార్థిగా చేరుటకు సాధారణముగా 60 సెమిస్టర్ యూనిట్లు కావలెను. వానిలో నీవు కోరిన శాస్త్రమునకు పునాదియైన పాఠములు కొన్ని. ఏ శాస్త్రమును కోరినను ప్రతివాడును చదువవలసినవి కొన్ని. ఈ రెండవ తెగనే జనరల్ ఎడ్యుకేషన్ అనియు, వాడుకలో జీఈ అనియు అందురు. 1991 మొదలు దీనికి ఐ-గెట్సీ యను పట్టిక యొకటి యుండెడిది. కాల్ స్టేట్ విశ్వవిద్యాలయములకు వేఱొక పట్టికయు నుండెడిది. ఎటు పోవుటయో తేల్చుకొనలేని పిల్లలు రెండు కాగితములను రెండు చేతులలో పట్టుకొని కౌన్సెలర్ల గదులముందు బారులు తీరెడివారు. 2021లో వచ్చిన ఏబీ 928 అను శాసనము ఈ రెంటికిని బదులు ఒకే బాటను వేయుమని శాసింపగా, 2025 శరత్కాలమునుండి కొత్తగా చేరినవారికి కాల్-గెట్సీ అమలులోనికి వచ్చినది. నీకు వర్తించునది ఇదియే. నీకన్న ముందు చేరిన స్నేహితులు తమ పాత పట్టికను చూపి యిచ్చు సలహాలు, వారి మనసు ఎంత మంచిదైనను, నీకు సరిపడవు.

కాల్-గెట్సీలోని విభాగములివి: ఇంగ్లీషు వ్యాసరచన ఒకటి, తర్కించి వ్రాయుట నేర్పునది ఒకటి, ప్రసంగము ఒకటి, ఈ మూడును మొదటి విభాగము; గణితము రెండవది; కళలలో ఒకటి, సాహిత్యము తత్త్వము వంటి మానవీయవిద్యలలో ఒకటి మూడవది; సామాజికశాస్త్రములలో రెండు, అవియు రెండు వేర్వేరు శాస్త్రములకు చెందినవి, నాలుగవది; భౌతికశాస్త్రముల తెగనుండి ఒకటి, జీవశాస్త్రముల తెగనుండి ఒకటి, వానిలో దేనికైన ఒక ప్రయోగశాల ఐదవది; ఎత్నిక్ స్టడీస్ ఆఱవది. వెరసి 11 పాఠములు, ప్రయోగశాలతో కలిపి 34 యూనిట్లు. ప్రతి పాఠమునను 'సి' అయినను రావలెను; 'సి మైనస్' వచ్చినచో ఆ గడి నిండదు.

ముప్పదినాలుగనగానే గుండె జారనక్కఱలేదు. ఇంటరులో నీవు నేర్చిన లెక్కలును ఫిజిక్సును ఇచ్చట హైస్కూలు చదువు క్రిందనే జమకట్టుదురు, నిజమే. కాని ఇంజనీరింగు కొఱకు నీవు ఎటులను చదువవలసిన కాల్క్యులసు రెండవ విభాగమును నింపును, ప్రయోగశాలతో కూడిన ఫిజిక్సు ఐదవ విభాగమున రెండు గడులను నింపును. ప్రయోగశాల గడిని మినహాయించినచో, ఒకే పాఠము పట్టికలో రెండు చోట్ల పేర్కొనియున్నను ఒక గడికే చెల్లును. అయితే అది నీ ప్రధానశాస్త్రమునకును పనికివచ్చుటకు అడ్డు లేదు.

నీవు ఇంజనీరింగునకు పోదలచినవాడవు గనుక, అందఱికి చెప్పు సలహా నీకు చెప్పను. అర్థశాస్త్రమునకో చరిత్రకో పోవువాడు పట్టికనంతను ఇచ్చటనే పూర్తిచేసికొని పోవుట మేలు. ఇంజనీరింగు శాఖలవారో, ముందుగా చూచునది నీవు కాల్క్యులసు వరుసను, ఫిజిక్సు వరుసను, డిఫరెన్షియల్ ఈక్వేషన్లను, ప్రోగ్రామింగును ముగించితివా లేదా యని. జీఈ గడులన్నియు నింపుకొని ఫిజిక్సు రెండవభాగమును వదలి దరఖాస్తు పెట్టినవాడు, పెండ్లికి తాంబూలములు సిద్ధముచేసి పురోహితుని పిలుచుట మఱచినవాని వంటివాడు. కాబట్టి శాస్త్రపాఠములను ముందు వేసికొని, ప్రతి సెమిస్టరునను వాని నడుమ ఒకటి రెండు జీఈ పాఠములను దూర్చుము. కాని ఒక హద్దు కలదు: యూసీకి, అనగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు, పోవువాడు ఏ శాఖవాడైనను ఇంగ్లీషు రెండు, గణితము ఒకటి, తక్కిన తెగలనుండి నాలుగు, ఈ ఏడు పాఠములను ముగింపక తప్పదు.

ఏ కాలేజి పాఠము ఏ విశ్వవిద్యాలయమున దేనికి సమానమో తెలిసికొనుటకు అసిస్ట్ అను సాధనము నీ చేతిలోనే యున్నది. నీ కాలేజి పేరును, కోరిన విశ్వవిద్యాలయము పేరును, శాఖను ఇచ్చినచో, ఎడమప్రక్క వారి పాఠము, కుడిప్రక్క దానికి సరియైన నీ కాలేజి పాఠము వరుసగా కనబడును. కొన్ని వరుసలలో కుడిప్రక్కన సమానమైన పాఠము లేదని వ్రాసియుండును. దానిని చూచి బెదరక, పొరుగు కాలేజిలో ఆ పాఠము కలదేమో వెదకుము. ఫ్రీమాంటునుండి క్యూపర్టినోకు బస్సులో పోయి ఒక్క పాఠము చదివివచ్చిన పిల్లలను నేనెఱుగుదును. తోటివారి మాటమీద కాక ఈ రెండు వరుసలమీద ఆధారపడుట నేర్చుకొనుము.

ఇంతటి సలహాదారు తాను మాత్రము ఏమి చేసెనో వినుము. ముప్పదియేండ్లు దాటిన వయసున, పగలు ఒక గిడ్డంగిలో పని చేసి, సాయంకాలము తరగతులకు పోయి, పట్టికలోని పాఠములన్నియు ముగించితిని. మార్కుల జాబితాను విశ్వవిద్యాలయమునకు పంపించితిని. పని అయినదనుకొంటిని. కాని చదివినంత మాత్రమున చాలదు. ఇతడు పట్టిక పూర్తిచేసెనని చివర చదివిన కాలేజి ధ్రువీకరించి పంపవలెను, ఆ ధ్రువీకరణమునకై విద్యార్థియే విన్నవించుకొనవలెను. ఆ సంగతి నాకెవ్వరును చెప్పలేదు. నేనును ఎవ్వరిని అడుగలేదు. ధ్రువీకరణము లేని నన్ను విశ్వవిద్యాలయమువారు తమ సొంత పట్టికతో కొలిచి, నా పాఠములు రెండింటికి చోటు లేదనిరి. ఒక సెమిస్టరు పోయినది. ఆ సెమిస్టరు రుసుముకొఱకు మీ పెద్దమ్మ రెండు గాజులు అమ్మినది. ఆమె ఆ మాట ఇప్పటికిని ఎత్తదు. అందువలననే నేను మఱవలేకున్నాను.

ఇప్పుడు మీ అమ్మ ప్రశ్నకు వత్తును. పదవ తరగతి ఫలితములు వచ్చిన వారమునకే, ఇంకను మీసమైన రాని పిల్లవానిని కూర్చుండబెట్టి, ఎంపీసీయా, బైపీసీయా, సీయీసీయా అని తేల్చివేయు ఆచారము మనది. నా విషయమున ఆ తీర్పు మా మేనమామ ఇచ్చెను, అదియు కాఫీ చల్లారకముందే. నాటినుండి నేను చరిత్రపుస్తకమును ముట్టలేదు, జీవకణమును చూడలేదు, ఒక చిత్రపటము ముందు నిలిచి అది ఏల అట్లున్నదని యడుగలేదు. అడుగవలెనని కూడ తోచలేదు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 మొదలు 1936 వఱకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు, స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేట విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షత వహించి, శాస్త్రవిద్యార్థికి మానవీయవిద్యలును, మానవీయవిద్యార్థికి శాస్త్రములును కొంతకొంత అందవలెనను సాధారణవిద్యను మన కళాశాలలలో ప్రవేశపెట్టుమని సిఫారసు చేసిరి. మన ఇండ్లలో మాత్రము గ్రూపు ఏదని యడుగుటయే నిలిచిపోయినది. నీకిప్పుడు సోషలు చదువుమని చెప్పుచున్న కాల్-గెట్సీ పరాయిదేశపు వింత కాదని మీ అమ్మతో చెప్పుము.

ఆ పట్టికలో నేను అన్నింటికంటె భయపడినది ప్రసంగము. నాటి ఐ-గెట్సీలో కాల్ స్టేటునకు పోవువారికి మాత్రమే అది తప్పనిసరి. నా ఖర్మముకొలది నేను పోవునది అచ్చటికే. నేడు కాల్-గెట్సీలో ఎచ్చటికి పోవువారికైనను తప్పదు. ఐదు నిమిషములు మాటలాడవలెను. ధవళేశ్వరము ఆనకట్టనుగూర్చి ఇంగ్లీషులో నాలుగు పుటలు వ్రాసి, సుమతీశతకము అప్పగించినట్లు అప్పగించుటకు సిద్ధపడి పోయితిని. వెనుక వరుసలో కూర్చున్న ఉపాధ్యాయురాలు మిగిలిన నిమిషముల సంఖ్యగల అట్టముక్కలను ఒకటొకటిగా ఎత్తి చూపుచుండెను. మూడు అను ముక్క కనబడగానే నా నోట మాట ఆగిపోయినది. ఎట్లు ప్రయత్నించినను తరువాతి వాక్యము రాదు. చేయునది లేక సుద్ద తీసికొని నల్లబల్లమీద గోదావరిని గీసితిని. నడుమ లంకలను గీచి, వానిని కలుపుచు నాలుగు ముక్కలుగా కట్టిన కట్టను గీచి, క్రింద గౌతమీ వసిష్ఠలు చీలుట చూపి, 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆ కట్టవలన మా తాతల పొలములకు నీరెట్లు వచ్చెనో, వచ్చీరాని ఇంగ్లీషున చెప్పుకొనిపోయితిని. సున్న యను ముక్క ఎత్తినను నేను ఆగలేదు. తరగతి ముగిసిన పిమ్మట ఆమె నన్ను పిలిచి, బల్ల దగ్గఱకు పోయిన తరువాతనే నీవు మాతో మాటలాడితివి, అంతకుముందు నీ కాగితముతో మాటలాడుచుంటివి అని చెప్పినది. తరువాత ఇన్నేండ్లు కొలువులలో నాకు అన్నము పెట్టినవి ఆ కొద్ది నిమిషములే. ఈ పాఠమును నీవు చివరికి నెట్టివేయకుము. మొదటి యేడే ముగింపుము.

ఎత్నిక్ స్టడీసు నీకు అక్కఱలేదని నీ స్నేహితుడెవరో అన్నాడని వ్రాసితివి. 1968–69లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేటు కాలేజిలో విద్యార్థులు నెలలతరబడి సమ్మె చేసి తెచ్చుకొన్న చదువు అది. దానిలో ఆసియావారి చరిత్ర నెంచుకొన్నచో దలీప్ సింగ్ సౌంద్ నీకు ఎదురగును. పంజాబునుండి వచ్చి, బర్క్‌లీలో 1924 నాటికి గణితమున డాక్టరేటు పొందిన ఆయన, బోధించు కొలువు దొరకక, ఇంపీరియల్ లోయలో సేద్యము చేసెను. భారతీయులు పౌరులు కారాదని 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున తీర్పు చెప్పియుండెను. 1946 చట్టము వచ్చువఱకు ఆ తలుపు తెఱచుకొనలేదు. పదేండ్లు తిరిగిన పిమ్మట, 1956లో, ఆ సేద్యగాడే అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. ఆసియానుండి వచ్చి అట్లెన్నికైనవారిలో ఆయనయే మొదటివాడు. నీవు గణితము చదువు పిల్లవాడవు. ఈ కథ ఏ కాల్క్యులసు పుస్తకమునను దొరకదు.

పాఠములను ఎంచుకొనునప్పుడు, ఏ అధ్యాపకుడు 'ఏ' సులభముగా వేయునని పిల్లలు చెప్పుకొను మాటలను పూర్తిగా పెడచెవిని పెట్టుమనను. నేనును మనిషినే, నీకు మార్కులు కావలెనని యెఱుగుదును. కాని 34 యూనిట్లలో ఒక్క పాఠమునైన, ఎందుకు పనికివచ్చునో తెలియకున్నను కుతూహలముతో ఎంచుకొనుము. నేను భూగర్భశాస్త్రము నెంచుకొంటిని. ఇప్పటికిని కొండదారిలో కారు ఆపి రాళ్ళ పొరలను చూచుట మానలేదు, మీ పెద్దమ్మ ఎంత కసరినను.

దరఖాస్తులు పంపు కాలము అక్టోబరు, నవంబరు మాసములు; చేర్చుకొందుమని ముందుగానే మాట యిచ్చు ట్యాగ్ అను పద్ధతి ఆఱు యూసీ ప్రాంగణములలో కలదు, దానికి సెప్టెంబరు. ఈ తేదులను గోడమీద క్యాలెండరున ఎఱ్ఱసిరాతో గుర్తించుకొనుము. కౌన్సెలరును కలియబోవునప్పుడు అసిస్ట్ వరుసలను అచ్చువేసి తీసికొనిపోయి, ఆమె చెప్పినదానిని ఆ కాగితముమీదనే వ్రాసికొనుము. చివరి సెమిస్టరున ధ్రువీకరణమునకు విన్నపము పంపిన దినమున, మఱేమియు వ్రాయకున్నను సరే, పంపితిని అను ఒక్క మాట నాకు వ్రాయుము. ఆ ఉత్తరము కొఱకు చూచుచుందును.

ఇట్లు,
మీ పెదనాన్న